పొడి చేతుల సంతకం

నీలక్కని పోయిన వారం కథలో ఆసుపత్రి బిల్లుల కిటికీ ముందు నిలబెట్టి వచ్చేశాం. కీమోలు ఎనిమిది చేయాలన్నారు, నాలుగు అయ్యాయి. ఐదోది శుక్రవారం. ఆ నాలుగింటికే ఆమె చెవులవీ చేతులవీ పోయాయి, తమ్ముడి వ్యాను పోయింది, అప్పు పుట్టే గడప వీధిలో ఒక్కటి మిగల్లేదు. ఫ్యాక్టరీ వైద్య పథకం నుంచి ఉత్తరం తెస్తే మిగతా నాలుగూ గట్టెక్కుతాయని ఆసుపత్రివాళ్లే దారి చూపించారు. ఉత్తరం రాలేదు, జవాబు వచ్చింది. కిటికీలోని గుమాస్తా దాన్ని చదివి, తలైనా ఎత్తకుండా అన్నాడు: "పథకం వద్దని మీరే రాసిచ్చారటమ్మా. సంతకం కూడా ఉందట."

ఇవాళ బుధవారం.

మడతల విభాగం పక్కనుంచి సంక్షేమాధికారి గదికి ఇరవై రెండు మెట్లు. నీలక్క ఎనిమిదో మెట్టు మీద ఒకసారి, పదిహేనో మెట్టు మీద ఒకసారి ఆగింది. వెనకాల మరదలు, అంటే తమ్ముడి పెళ్లాం, పడితే పట్టుకోవడానికి చేతులు చాపుకుని ఎక్కుతోంది. వదినా మరదళ్లిద్దరూ ఒకే రంగుతొట్టికి చెరో పక్క నిలబడి బట్ట తిప్పేవాళ్లు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మరదలు ఒక్కతే తిప్పుతోంది. యంత్రాల హోరులోనూ వినపడే గొంతు కాబట్టి ఫ్యాక్టరీలో ఆమెను 'గంట' అంటారు.

"మొగుడు వద్దని రాసిచ్చే ఆడది ఉంటుంది వదినా," అంది గంట, "మందులొద్దని రాసిచ్చే ఆడది ఎక్కడైనా ఉంటుందా?"

నీలక్కకి నవ్వు రాలేదు. రెండు రాత్రులుగా నిద్ర కూడా రాలేదు. బాధ ఆమెకి అలవాటైపోయింది, అది కాదు నిద్ర పట్టనివ్వంది. అరికాలి మంట నెత్తికెక్కుతుందంటారు కదా, నెత్తి మీద వెంట్రుక లేని మనిషికి ఆ మంట ఎక్కి దిగకుండా అక్కడే కూర్చుంది.

ఆమె పేరు నీలక్క కాదు. పదిహేడేళ్లు నీలిరంగు తొట్టిలో చేతులు పెట్టిన మనిషికి గోళ్లు ఎప్పటికీ నీలంగానే ఉండిపోయి, పేరు ఎప్పుడో రంగులో కొట్టుకుపోయింది. మొదటి కీమో అప్పుడు నర్సు, మందుకి గోళ్లు నల్లబడతాయి, భయపడకండి అంటే, మా ఫ్యాక్టరీవాళ్లు ఆ మందు ముందే వేశారమ్మా అని నవ్వించింది. ఆ మనిషి ఈ వారం ఎవరినీ నవ్వించలేదు.

సంక్షేమాధికారి గది చల్లగా ఉంది. గోడ మీద 'మీ ఆరోగ్యమే మా బలం' అన్న బోర్డు, దాని కింద నీళ్ల యంత్రం, బల్ల మీద ముఖం కనపడేంత నున్నటి అద్దం. ఆయన లేచి నిలబడి, నీలక్కకి కుర్చీ తనే జరిపాడు. ఆయన్ని అందరూ దూది సారు అంటారు. మాట అంత మెత్తన. ఉద్యోగం తీసేసేటప్పుడు కూడా మంచినీళ్లిచ్చి తీసేస్తాడని పేరు.

ముందు ఆరోగ్యం గురించి అడిగాడు. ఆకలి వేస్తోందా, వాంతులు తగ్గాయా, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు అని అడిగాడు. నీలక్క బల్ల వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడాయన నిట్టూర్చి, పథకం ఎవరి మీదా రుద్దేది కాదనీ, వద్దనుకున్నవాళ్లు రాసిస్తే కాదనే హక్కు తనకి లేదనీ, రాసిచ్చాక మళ్లీ చేర్చుకోమంటే పైవాళ్లు ఒప్పుకోరనీ, తన చేతులు కట్టేసి ఉన్నాయనీ వివరంగా చెప్పుకొచ్చాడు.

"నేను రాసిచ్చిన కాగితం చూపించండి సారూ," అంది నీలక్క.

చూపించడానికి ఆయనకి అభ్యంతరం లేకపోయింది. సొరుగులోంచి స్ప్రింగు క్లిప్పు బిగించిన లావుపాటి ఫైలు తీశాడు. కొన్ని కాగితాలు తిరగేసి, ఒకచోట బొటనవేలు అడ్డంపెట్టి, ఫైలును ఆమె వైపు తిప్పాడు. నాలుగు వరుసలు టైపు కొట్టి ఉన్నాయి. పథకం నా ఇష్టపూర్వకంగా వద్దనుకుంటున్నాను, నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. కింద సంతకం. సంతకం కింద టోకెన్ నంబరు, పక్కన సాక్షి సంతకం.

సంతకం నీలక్కదే. చివర్లో కొక్కెంలా వంపు తిరిగి ఉంది. వంక పెట్టడానికేమీ లేదు. మరదలు కూడా వంగి చూసి మొదటిసారి నోరు మూసుకుంది.

మందు మొదలయ్యాక నీలక్క చూపు మసకబారింది. దగ్గరికి తీసుకుని చూస్తానని ఫైలు ముందుకి లాక్కుంది. తొట్టి దగ్గర పనిచేసే ఆడమనిషి సంతకం తప్ప ఇంకేం చూస్తుందిలే అనుకున్నాడేమో, సారు చెయ్యి తీశాడు. ఆమె చదవలేదు. వేళ్లతో తడిమింది. పదిహేడేళ్లుగా బట్ట పట్టి చూసి నూలో కాదో చెప్పే వేళ్లు. అవి ఒక్క క్షణంలో చెప్పేశాయి.

అది ఆఫీసు కాగితం కాదు, తొట్టిగది అట్ట.

ఇక్కడ తొట్టిగది పని కాస్త చెప్పాలి. అక్కడ ఎప్పుడూ ఆవిరే. మామూలు కాగితం గంటలో మెత్తబడి ఊడిపోతుంది. అందుకని బట్ట వివరాలు రాసే చీటీలన్నీ మైనం పూసిన పసుపచ్చటి అట్టతో చేయిస్తారు. చీటీ పై సగంలో రంగు, తొట్టి నంబరు, వేడి ఎంత, బట్ట ఎంత అన్నవి ఉంటాయి. మధ్యలో చింపుకోవడానికి చిల్లుల గీత. కింద సగంలో బట్టలో లోపాలుంటే రాయడానికి ఖాళీ జాగా, దాని అడుగున సంతకం, టోకెన్ నంబరు. పొద్దున ఆరింటికి తొట్టిలో చెయ్యి పెడితే మధ్యాహ్నం రెండింటి దాకా మోచేతుల వరకూ రంగే. రంగు వేలు పడిన చీటీని తనిఖీవాళ్లు వెనక్కి కొడతారు, ఆ తొట్టి బట్టకి కూలి ఆగిపోతుంది. కాబట్టి ఆడవాళ్లంతా పనిలోకి దిగకముందే, చేతులు పొడిగా ఉండగానే, ఆ రోజుకి కావలసిన ఎనిమిది చీటీల మీదా వరసగా సంతకాలు పెట్టేస్తారు. వాటిని 'పొడి చేతుల సంతకాలు' అంటారు. మిగతాదంతా మేస్త్రీ తర్వాత నింపుకుంటాడు. కొత్తగా చేరిన పిల్లకి మొదటిరోజు నేర్పే మొదటి పని అదే. పదిహేడేళ్లుగా నీలక్క ఎంతమందికి నేర్పిందో ఆమెకే గుర్తులేదు.

ఎవరో ఒక చీటీని చిల్లుల గీత దగ్గర చింపారు. లోపాలు రాసే ఖాళీలో ఈ నాలుగు వరుసలూ కొట్టారు.

నీలక్క ఆ మాటే చెప్పింది. గొంతు పెంచలేదు. సారు విన్నాడు. తల ఊపాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఖాళీ అట్ట మీద సంతకం పెట్టడం ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం తప్పమ్మా," అన్నాడు. "పదిహేడేళ్లుగా పెడుతున్నానని మీ నోటితో మీరే అంటున్నారు. నేను రాసుకోవాల్సింది. రాసుకోను. మీ పరిస్థితి చూసి వదిలేస్తున్నాను."

"ఇంతకాలం మీ దూదిలో సూది ఎక్కడుందా అనుకునేదాన్ని సారూ," అంది మరదలు. "ఇప్పుడు దొరికింది."

ఆయన ఆమె వైపు చూడనైనా చూడకుండా, కాగితం మీద సాక్షి సంతకం కూడా ఉందని గుర్తుచేశాడు. అది తొట్టిగది మేస్త్రీది. కావాలంటే ఆయన్నే అడుగుదామన్నాడు. ఫోన్ ఎత్తి కబురు పెట్టాడు.

మేస్త్రీ వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. అరవైకి దగ్గరపడిన మనిషి. లుంగీ అంచు నుంచి రంగునీళ్లు కారుతుంటే, ఆ చల్లటి గది గచ్చు మీద అడుగు పెట్టడానికే జంకి గుమ్మంలో నిలబడ్డాడు. నీలక్కకి ఆపరేషన్ అయినప్పుడు ఆయన ఇంటికొచ్చి, మంచం పక్కన కూర్చుని, చెల్లెలి కోసం ఏడ్చినట్టు ఏడ్చాడు. తొట్టిగదిలో జోలె పట్టి డబ్బు పోగుచేసింది కూడా ఆయనే. ఇప్పుడాయన ఆమె ముఖం చూడటం లేదు.  తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆమెకి తెలుసు గానీ, ఆ దొంగ ఈయన అవుతాడనుకోలేదు.

ఈమె మీ ముందే సంతకం పెట్టింది కదా అని సారు అడిగాడు. మేస్త్రీ అవునన్నట్టు తల ఆడించాడు.

"నా ముఖం చూసి చెప్పు మేస్త్రీ," అంది నీలక్క. "కాగితం చదివి పెట్టానా, చీటీల్లో పెట్టానా?"

మేస్త్రీ తల దించుకుని తన కాళ్ల వైపు చూశాడు. రంగునీళ్లు గచ్చు మీద చిన్న మడుగు కట్టాయి. సారు కుర్చీలో కదిలి, అవసరం లేదు వెళ్లొచ్చు అన్నాడు. వెళ్లమన్నందుకేనేమో, మేస్త్రీ వెళ్లలేదు.

"పైనుంచి అడిగారు నీలక్కా. సంతకాలున్న అట్టలు కావాలన్నారు, తనిఖీకి అన్నారు. నీవొకటి, ఇంకొందరివి. ఎందుకని అడగలేదు. ఇచ్చేశాను."

"మరి సాక్షి సంతకం?"

"రోజూ అన్ని చీటీల మీదా పక్కన నేనూ పెడతాను కదమ్మా. పొడి చేతులతోనే."

మరదలు ఆయన్ని కడిగేసింది. అడగకుండా ఇవ్వడానికి అది నీ ఇంట్లో పాత చొక్కానా అంది. మా వదిన కంచంలో తిన్న చెయ్యి అది అంది. ముసలాయన ఒక్క మాటకి ఎదురు చెప్పకుండా అన్నీ నెత్తిన వేసుకున్నాడు. సారు లేచి, గొంతులో దూది కొంచెం తగ్గించి, ఇది ఆఫీసు అని గుర్తుచేస్తున్నాడు.

నీలక్క వాళ్లెవరినీ వినడం లేదు. ఆమె వేళ్లకి ఇంకోటి తగిలింది. అట్ట వెనకాల పిన్ను. పిన్నుకి ఏదో పల్చటి కాగితం.

తిప్పింది.

ఏడాదికోసారి ఫ్యాక్టరీ వాకిట్లోకి ఆరోగ్య పరీక్షల వ్యాను వస్తుంది. ఆడవాళ్లందరినీ వరసలో నిలబెట్టి చూస్తారు. ఎవరికేముందో ఆ కాగితాలు నేరుగా పైకి, ఈ గదికి వస్తాయి. వారం తర్వాత అందరూ బాగానే ఉన్నారని కింద చెప్పేస్తారు. ఏటా అంతే. ఈ పల్చటి కాగితం అలాంటిదే. వ్యానులో వచ్చిన డాక్టరమ్మ చేతిరాత. గుండ్రటి అక్షరాలు, మసక కళ్లకి కూడా తెలుస్తున్నాయి.

'ఎడమ రొమ్ములో చిన్న గడ్డ. ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి. ఈ విషయం కార్మికురాలికి అర్థమయ్యేలా చదివి వినిపించాలి.'

తేదీ పద్నాలుగు నెలల కిందటిది. ముందున్న అట్ట మీద తేదీ దానికి సరిగ్గా నాలుగు రోజుల తర్వాతది.

నీలక్క రెండోసారి చదివింది. ఆ గడ్డ ఆమె చేతికి తగిలింది ఆరునెలల కింద, ఒకరోజు స్నానం చేస్తుండగా. అప్పటికది గోలీ అంత లేదు, కోడిగుడ్డంత ఉంది. పెద్ద డాక్టరు ఫిల్ములు వెలుగుకి పెట్టి చూసి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా అని కేకలేశాడు. ఏడెనిమిది నెలలు ముందొచ్చుంటే చిన్న కోతతో పోయేదన్నాడు. ఒళ్లు తెలియని మనిషినని నీలక్క తనని తానే తిట్టుకుంది. తమ్ముడి వ్యాను అమ్మినరోజు, ఇదంతా నా అశ్రద్ధ వల్లేనని తమ్ముడి చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఆమె లేచి నిలబడింది. ఇరవై రెండు మెట్లకి రెండుసార్లు ఆగిన మనిషి ఇప్పుడు ఏ ఆసరా పట్టుకోలేదు.

"నాకు గడ్డ ఉందని నాకంటే ముందు మీకు తెలుసు."

సారు ఫైలు కోసం చెయ్యి చాచాడు, ఆమె వెనక్కి జరిగింది.

"ఎనిమిది నెలలు సారూ. అది లోపల పెరుగుతుంటే రోజూ గేటు దగ్గర మీకు దండం పెట్టి లోపలికొచ్చాను. మీరూ పెట్టారు. ఆపరేషన్ అయ్యాక పళ్లబుట్ట పంపారు. త్వరగా కోలుకోవాలని దాని మీద చీటీ. అది ఎవరు రాశారు, మీరేనా? దానికి కూడా ఎవరి సంతకమైనా చింపారా?"

మరదలు ముందు అర్థం చేసుకోలేకపోయింది. అర్థమయ్యాక నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ గుమ్మం పట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

దూది సారు ముసలాయన్ని బయటికి జరిపి తలుపు వేసొచ్చాడు. ఆయన గొంతులో మొదటిసారి తొందర వినిపించింది. పథకం నడిపే కంపెనీ ఏటా రోగుల్ని లెక్కేస్తుందనీ, రోగులు పెరిగితే రేటు పెంచుతుందనీ, ఇంకొంచెం పెరిగితే యజమాని పథకాన్నే ఎత్తేస్తానన్నాడనీ చెప్పాడు. నాలుగొందలమందికి జ్వరాలకీ కాన్పులకీ దిక్కు ఉండాలంటే కొందరు పక్కకి జరగక తప్పదన్నాడు. తను నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదన్నాడు.

"నేను జరగలేదు సారూ. మీరు తోశారు," అంది నీలక్క.

'కొందరు' అన్నాడు సారు. ఆ మాట ఆమె చెవిలో ముల్లులా ఆగింది. మేస్త్రీ కూడా ఇంకొందరివి అన్నాడు. ఫైలు ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. తర్వాతి అట్ట తిప్పింది. ఇస్త్రీ విభాగంలో చేసి పోయినేడు చచ్చిపోయిన పెద్దావిడ సంతకం. వెనక పల్చటి కాగితం. ఆ తర్వాత గేటు ఊడ్చే ఆమె. వెనక పల్చటి కాగితం. ప్రతి అట్టకీ ఒక పల్చటి కాగితం. పది, పదకొండు దాకా ఉన్నాయి. కొందరు పోయారు. కొందరు మానేసి ఎటో వెళ్లారు. కొందరు ఈ నిమిషాన కింద యంత్రాల దగ్గర నిలబడి ఉన్నారు, ఒంట్లో ఏముందో తెలియకుండా.

ఆఖరి అట్ట కొత్తగా ఉంది. మైనం ఇంకా నిగనిగలాడుతోంది. తేదీ పోయిన నెలది. పోయిన నెల వ్యాను వచ్చినప్పుడు నీలక్క ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆ సాయంత్రం మరదలు వచ్చి, నాకేమీ లేదంట వదినా, గుండ్రాయిలా ఉన్నానంట, అని చెప్పి నవ్వించిపోయింది.

సంతకం చూసింది. పెద్ద పెద్ద అక్షరాలు, చీటీలో చోటు చాలనట్టు. కింద టోకెన్ నంబరు తన నంబరు తర్వాతి నంబరు.

 తిప్పింది. కుడి రొమ్ములో చిన్న గడ్డ. ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి.

ఫైలు మూసి రెండు చేతులతో గుండెకి అదుముకుంది. ఆ లోపల ఎంత కాలిపోతోందో ముఖంలోకి రానివ్వకుండా ఉండటం ఆపరేషన్ కంటే కష్టమైంది. మరదలు మూడడుగుల దూరంలో ఉంది. తేరుకుని మళ్లీ మొదలుపెట్టింది. మా వదినకి జరిగింది పోలీసులకి చెబుతాను, గేటు ముందు కూర్చుంటాను, మీ పిల్లల స్కూలుకెళ్లి మీ నాన్న ఇలాంటివాడని చెబుతాను అని సారు ముఖం మీదే అరుస్తోంది.

ఆయన మరదల్ని చూడటం లేదు. నీలక్కనే చూస్తున్నాడు. ఆమె ఏ పేజీ దాకా వెళ్లిందో ఆయనకి తెలిసిపోయింది.

సొరుగు లాగాడు. ఫ్యాక్టరీ ముద్ర ఉన్న తెల్లకాగితం తీసి, నిలబడే ఏదో రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి బల్ల మీద పెట్టాడు. ఆసుపత్రికి ఉత్తరం. మిగిలిన నాలుగు కీమోలూ, ఆ తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టడం, మందులు, అన్నీ పథకమే భరిస్తుంది. అయిపోయినవాటి డబ్బు కూడా వెనక్కి ఇప్పిస్తానన్నాడు. గొంతు మళ్లీ దూది అయింది.

"ఈ ఉత్తరం మీతో వస్తుంది. ఆ ఫైలు ఇక్కడ ఉంటుంది. అంతేనమ్మా. శుక్రవారానికి ఇంక రెండు రోజులే."

ఫొటో తీద్దామంటే ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉన్నాయి. ఈ ఫైలు ఒక్కసారి ఈ గదిలో వదిలితే సాయంత్రానికి బూడిద. అప్పుడు మరదలు కూడా ఇదే కుర్చీలో కూర్చుని, నేను రాసివ్వలేదు సారూ అని ఇదే మాట చెప్పుకోవాలి. చూపించడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. ఫైలు వదలకపోతే శుక్రవారం లేదు.

మరదలు బల్ల దగ్గరికొచ్చి ఉత్తరాన్ని కూడబలుక్కుని చదివింది. రెండోసారి చదివింది. కళ్లు తుడుచుకుంది. అంత గొంతూ ఒక్కసారిగా దిగిపోయి, ఇంట్లో మాట్లాడుకునే గొంతయింది.

"తీసుకో వదినా. వీడి సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ ప్రాణం. ఆ చెత్తతో మనకేం పని, వాడి మొహాన కొట్టు."

అని ఊరుకోకుండా, నీలక్క గుండెకి అదుముకున్న ఫైలు అంచు పట్టుకుని సారుకి ఇచ్చేద్దామని లాగింది. నీలక్క వదల్లేదు. మరదలు తెల్లబోయి ఆమె ముఖంలోకి చూసి, ఇంకొంచెం గట్టిగా లాగింది.